మళ్ళీ రాని మనిషికి వడ్డించే చెయ్యి

రాజమండ్రి

చిరంజీవి చిన్నాకి అమ్మమ్మ దీవించి రాయునది. నా మోకాళ్ళ సంగతి మీ అమ్మ చెప్పినంతేమీ లేదు, అది పట్టించుకోకు.

నీకు బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ డ్యూటీ వేశారనీ, ఇకమీద అనంతపురం నుంచి శ్రీకాకుళం దాకా, అటు సూర్యాపేట, కరీంనగర్ వైపు కూడా బ్రాంచి బ్రాంచికీ తిరగాలనీ తెలిసినప్పటినుంచి ఒక పక్క గర్వంగా ఉంది, ఇంకో పక్క గుబులుగా ఉంది. గర్వం ఎందుకో చెప్పక్కర్లేదు. వేసవి సెలవులకి వచ్చి మన మెస్సులో గల్లాపెట్టె పక్కన స్టూలేసుకుని కూర్చున్నప్పుడు, ఎవరో పెద్దాయన చిల్లర మర్చిపోయి వెళ్ళిపోతే చెప్పులైనా వేసుకోకుండా బస్టాండు దాకా పరిగెత్తి ఇచ్చొచ్చిన పిల్లాడివి, నీ చేతికి నలుగురి లెక్కలు చూసే పని రావడం నాకేమీ వింత కాదు. గుబులంతా నీ మొహమాటం గురించే. ఎవరింట్లో ఏం వడ్డించినా, ఉప్పెక్కువైనా, పెరుగు పులిసినా, "బావుందండీ" అని విస్తరి ఖాళీ చేసి లేచే అలవాటు నీది. చుట్టాలిళ్ళల్లో అది మంచి గుణమే, కానీ రోడ్డు మీద హోటల్లో అదే గుణం నిన్ను రెండు రోజులు లాడ్జి గదిలో పడుకోబెడుతుంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే అమ్మమ్మా" అని పనిలో పడిపోతావు, కాగితమైతే బస్సులో కూర్చుని తీరిగ్గా చదువుకుంటావు.

కోటిపల్లి బస్టాండు దగ్గర మెస్సు పెట్టి నేను ఏళ్ళ తరబడి జనానికి అన్నం వడ్డించాను, మీ తాతయ్యేమో ఆర్టీసీలో దూరం బస్సులు నడుపుతూ దారి పొడుగునా ఎవరెవరో వడ్డించింది తిన్నారు, ఇక రాత్రి గిన్నెలు బోర్లించి వాకిట్లో మంచం వాల్చుకున్నాక మా ఇద్దరికీ హోటళ్ళ కబుర్లు కాక ఇంకేముంటాయి చెప్పు. ఆ కబుర్లన్నీ వడగడితే నాకు మిగిలింది ఒక్కటే: వంట రాక చెడిపోయిన హోటళ్ళు తక్కువ, "వీడు మళ్ళీ మన గుమ్మం తొక్కుతాడా ఏమిటి" అనుకుని చెడిపోయినవే ఎక్కువ. మనకి రోజూ వచ్చే కోర్టు గుమాస్తాలూ, కాలేజీ కుర్రాళ్ళూ సాంబారు ఒక్కపూట పల్చబడితే మొహం మీదే అడిగేవాళ్ళు. ఆ అడిగేవాళ్ళే మన చేతిని అదుపులో పెట్టారు. అదే 2003 గోదావరి పుష్కరాలప్పుడు చూడాలి, ఆ పన్నెండు రోజుల కోసం రేవుల పక్కన రేకుల షెడ్లు ఎన్ని లేచాయో, పొద్దున వండిన పప్పులోనే సాయంత్రం దాకా నీళ్ళు పోస్తూ, రోజుకో రేటు చెబుతూ, స్నానం చేసి తడి బట్టలతో ఆకలిగా వచ్చిన ముసలీ ముతకకి అదే పెట్టి పంపేవాళ్ళు, వాళ్ళు రాత్రి బండికి వెళ్ళిపోతారనే కదా ధీమా! ఆ పన్నెండు రోజులూ మన మెస్సు గోడ మీద రేటు బోర్డు మార్చనివ్వలేదు మీ తాతయ్య, డ్యూటీ దిగి ఇంటికొచ్చి చొక్కా విప్పి తనే నీళ్ళు పోసేవారు. కాబట్టి నాన్నా, ప్రయాణంలో ఉన్నవాడివి, నువ్వు ఎక్కడికెళ్ళినా "మళ్ళీ రాని మనిషి"వే, అది గుర్తుపెట్టుకుని హోటలుని చూడు, చాలా సంగతులు వాటంతటవే కనిపిస్తాయి.

మొదటిది, ఆ ఊరివాళ్ళు అక్కడ తింటున్నారా లేదా. మధ్యాహ్నం ఒంటిగంటకి, పక్క హోటళ్ళు కిటకిటలాడుతుంటే, ఇక్కడ మాత్రం ఫ్యాన్లు తిరుగుతూ బల్లలు ఖాళీగా ఉంటే ఎందుకో ఆలోచించు. జనం ఉన్నచోట గిన్నె అడుగంటుతుంది, మళ్ళీ వండుతారు, జనం లేని చోట పొద్దుటి గిన్నే రాత్రి దాకా ఉంటుంది. రోడ్డు మధ్య దాకా వచ్చి ఈల వేస్తూ, జెండా ఊపుతూ కార్లని లోపలికి తిప్పే మనిషి ఉన్నాడనుకో, అక్కడ జీతమిచ్చి జనాన్ని పట్టుకొస్తున్నారు గానీ తిన్నవాళ్ళు తమంతట తాము రావడం లేదన్నమాట. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే దారిలో రాత్రి బస్సులు ఆగేచోట్లు ఉంటాయి చూశావా, బస్సు ఆగింది కదా తిండి బాగుంటుందనుకోకు. చాలాచోట్ల డ్రైవరుకీ క్లీనరుకీ లోపల వేరే గదిలో ఊరికే భోజనం పెడతారు, ఆ కూర వేరే మూకుడులోది, ప్రయాణికుల కూర వేరే పాత్రలోది. మీ తాతయ్య అందుకే ఆ గదిలోకి వెళ్ళేవారు కాదు, ప్రయాణికుల బల్ల మీదే కూర్చునేవారు, "ఆళ్ళకి పెట్టింది నాకూ పెట్టు, తేడా ఉంటే ఇంకోచోట ఆపుకుంటా" అనేవారు, ఆయన బస్సు వచ్చిన రాత్రి అందరికీ వేడి రొట్టెలు దొరికేవట. ఏ ఆటో అతన్నైనా "హోటలుకి తీసుకెళ్ళు" అని అడక్కు, "నీ డబ్బులు పెట్టి నువ్వెక్కడ తింటావు బాబూ" అని అడుగు. లారీలు ఆగినచోటల్లా భోజనం బాగుంటుందన్న మాట కూడా పూర్తిగా నిజం కాదురా. లారీకి చోటు, స్నానానికి నీళ్ళు, నడుం వాల్చడానికి మంచం, ఇవి చూసుకుని కూడా ఆపుతారు వాళ్ళు.

లోపలికి వెళ్ళాక కుర్చీ లాక్కోకముందు చెయ్యి కడుక్కునే చోటుకి వెళ్ళు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు కదా, హోటలుకి ఆ చెయ్యి కడిగే చోటే ఆ మెతుకు. నీ కంటికి కనబడేలా పెట్టినదాన్నే కడగనివాళ్ళు, నీ కంటికి కనబడని వంటింటిని కడుగుతారని ఎలా నమ్ముతాం? సబ్బు ఉందా, నీళ్ళు పోతున్నాయా, పక్కన మరుగుదొడ్డి వాసన భోజనాల గదిలోకి వస్తోందా, బల్ల తుడిచిన గుడ్డతోనే పళ్ళెం తుడుస్తున్నారా, నాలుగు గ్లాసులు నాలుగు వేళ్ళు లోపల పెట్టి పట్టుకొస్తున్నారా, అన్నీ అక్కడ నిలబడితే కనిపిస్తాయి. వాసనకి నీ ముక్కు మంచిదే, చిన్నప్పుడు పాలు విరిగే ముందే చెప్పేసేవాడివి. గుమ్మంలోనే పాత నూనె వాసన, తడి గుడ్డ ముక్క వాసన, వాటిని కప్పడానికి కొట్టిన ఫినాయిల్ వాసన కలిసి వస్తే ఇంక బోర్డు చదవక్కర్లేదు, వెనక్కి తిరుగు.

అయితే ఒకటి. పేదగా ఉన్నదాన్నంతా మురికి అనుకోకు, అది నాకు ఇష్టం ఉండదు. కట్టెల పొయ్యి మసితో నల్లబడిన గోడ మురికి కాదు, విరిగిన బెంచీ మురికి కాదు, చెమటతో తడిసిన వంటమనిషి జాకెట్టు మురికి కాదు. అద్దాల తలుపులూ ఏసీలూ రంగు లైట్లూ శుభ్రమూ కావు. కర్నూలు, అనంతపురం వైపు పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టే చిన్న బండ్లు ఉంటాయి, అక్కడ నీ ఎదురుగానే బొరుగులు తడిపి పిండి తాలింపులో వేస్తుంది బండి ఆవిడ, నీ ఎదురుగానే బజ్జీ నూనెలోంచి తీస్తుంది. ఏమీ దాచడానికి చోటే లేని ఆ బండి దగ్గర తినొచ్చు, వంటిల్లు ఎక్కడుందో తెలియని పెద్ద హోటల్లో కాస్త ఆలోచించుకుని తినాలి.

తర్వాత వాళ్ళిచ్చే మెనూ కార్డు చూడు. రెండు పొయ్యిలున్న హోటలు నూట యాభై రకాలు రాసుకుందంటే, అవన్నీ అప్పటికప్పుడు చేసేవి కావని నీకు లెక్క తెలుస్తుందిగా, ఎర్ర గ్రేవీ, తెల్ల గ్రేవీ, పసుపు గ్రేవీ పెద్ద డబ్బాల్లో చేసి పెట్టుకుని, ముక్కలు మార్చి పేర్లు మారుస్తారు. ఏ ఊళ్ళో ఏది రోజూ చేస్తారో అది ఆ వేళకి తినడం మేలు, సీమలో రాగి సంగటి, నెల్లూరులో చేపల పులుసు, కరీంనగర్ వైపు సర్వపిండి, మన అన్నవరంలో దిగితే అడ్డాకులో పెట్టిచ్చే గోధుమ నూక ప్రసాదం. పదకొండు దాటాక ఇడ్లీ అడక్కు, మధ్యాహ్నం నాలుగింటికి బిర్యానీ అడక్కు. ఆ వేళప్పుడు ఆకలేస్తే రెండు అరటిపళ్ళు, పెంకుతో ఉన్న ఉడికించిన గుడ్డు, వేడి టీ, అంతే.

ఇక అన్నం సంగతి. మీ పిన్ని మైక్రోబయాలజీ చదివే రోజుల్లో సెలవులకి వచ్చి మా వంటింట్లో పాఠం చెప్పేది, బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుందనీ, దాని బీజాలు అన్నం ఉడికినా చావవనీ, గోరువెచ్చగా గంటలకొద్దీ వదిలేస్తే పెరిగి విషం చేస్తాయనీ, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదనీ. అందుకే పొద్దుటి అన్నం సాయంత్రానికి ఫ్రైడ్ రైసుగా మారి పొగలు కక్కుతూ వచ్చినా ఒంటికి పడదు. ప్రభుత్వం వాళ్ళు చెప్పేదీ అదే, వేడి పదార్థం 60 డిగ్రీలకి తగ్గకుండా, చల్లనిది 5 డిగ్రీలు దాటకుండా ఉంచాలి, నడిమధ్యనే ప్రమాదం. నువ్వు థర్మామీటరు పట్టుకెళ్ళక్కర్లేదు, సాంబారు గరిటె పోసినప్పుడు ఆవిరి రావాలి, బఫే పెట్టినచోట గిన్నెల కింద మంట వెలుగుతూ ఉండాలి, పెరుగు చల్లగా ఉండాలి. కొబ్బరి పచ్చడి నాలిక మీద చుర్రుమంటే పక్కన పెట్టెయ్, మన మెస్సులో పచ్చడి రెండు విడతలుగా రుబ్బించేదాన్ని, పనివాళ్ళు విసుక్కునేవాళ్ళు, అయినా రెండు విడతలే. బజ్జీల మూకుడులో నూనె నల్లగా చిక్కబడి నురగ కడుతూ, బాగా వేడెక్కకముందే పొగ వస్తుంటే ఆ నూనె ఎన్నిసార్లు కాగిందో పైవాడికే తెలియాలి. దానికీ కొలత పెట్టారు, నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి నిబంధన. గోబీ మంచూరియా తింటే వేళ్ళకి ఎర్ర రంగు అంటుకుంటే అది మిరపకాయ రంగు కాదు, కర్ణాటకలో 2024 మార్చిలో ఆ రంగుల్నే నిషేధించారు. పచ్చి గుడ్డుతో చేసే మయోనీజు వల్ల జనం జబ్బుపడుతున్నారని తెలంగాణలో అదే ఏడాది అక్టోబరు చివర్లో ఏడాదిపాటు ఆపించారు. నిషేధం ఉన్నా లేకపోయినా, ఎండలో బండి మీద పెట్టిన ఆ తెల్లటి ముద్దని నువ్వు ముట్టుకోకు. చెరుకు రసంలో ఐసు వద్దను, బజ్జీ న్యూస్ పేపర్లో చుట్టిస్తే ఆకులోనో పళ్ళెంలోనో పెట్టమను, సిరా నూనెకి కరిగి తిండిలోకి దిగుతుంది.

నీకు అంకెలంటే ఇష్టం కాబట్టి ఇదీ చెబుతున్నాను. ప్రతి హోటల్లోనూ గల్లా దగ్గర ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు తగిలించాలి, దాని మీద పద్నాలుగు అంకెల నంబరు ఉంటుంది. 2011లో ఆ కొత్త రూల్సు వచ్చినప్పుడు మీ మామయ్య కాగితాలు పట్టుకుని తిరిగి మన మెస్సుకి లైసెన్సు తెచ్చాడు, నేను దాన్ని దేవుడి పటం పక్కనే పెట్టించాను, నువ్వు నవ్వావు కూడా. ఆ నంబరుని ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కొట్టి చూస్తే లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన వంట బాగుంటుందని కాదు, లేకపోతే మాత్రం అనుమానించాల్సిందే. గోడ మీద రేట్లు లేకపోయినా, చేప సైజుని బట్టి అన్నా, ముందే అడుగు, సిగ్గుపడకు. బిల్లులో సర్వీసు ఛార్జీ అని కలిపితే అది తప్పనిసరి కాదు, 2022లో వినియోగదారుల సంస్థ వాళ్ళు మార్గదర్శకాలు ఇచ్చారు, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే నిలబెట్టింది. గొడవ పెట్టుకోకుండా, తీసెయ్యమని మెల్లిగా చెప్పు. తర్వాత ఆ డబ్బులో కొంత వడ్డించిన కుర్రాడి చేతిలో నీ చేత్తో పెట్టు.

అన్నిటికన్నా నాకు నమ్మకమైన పరీక్ష వడ్డించే మనిషి మాట. "ఇవాళ ఏం బాగుంటుంది బాబూ" అని అడుగు. "అన్నీ బాగుంటాయి సార్" అన్నాడంటే ఆ మాట అతనిది కాదు, యజమాని నేర్పింది. "చేప వద్దండి, నిన్నటిది, పప్పుచారు తినండి" అని గొంతు తగ్గించి చెప్పాడనుకో, ఆ ఒక్క కుర్రాడి కోసమైనా అక్కడ కూర్చో. పనివాళ్ళు మూడింటికి అదే కూర వేసుకుని తింటున్నారా, వాళ్ళ మీద అరుపులు వినిపిస్తున్నాయా, చూడు. పనివాడిని ఆకలితో నిలబెట్టినవాడు నీకు మాత్రం కడుపునిండా ప్రేమగా పెడతాడా? పద్నాలుగేళ్ళు నిండని పిల్లలు గ్లాసులు కడుగుతూ కనిపిస్తే, 2006 అక్టోబరు నుంచే హోటళ్ళలో అది నేరం, ఆ చోట నీళ్ళు కూడా తాగకు, బయటికొచ్చి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. నేనెంత చెప్పినా నువ్వు మరిచిపోతావేమో కానీ ఈ ఒక్కటీ మరవకు.

ఇక వద్దని చెప్పడం. లేచి వచ్చెయ్యడానికి నీ కాళ్ళు కదలవని నాకు తెలుసు. కూర్చున్నాక నచ్చకపోతే "కాస్త పనుందండీ, వెళ్ళాలి" అని లేచిపో, అందులో అబద్ధమేమీ లేదు, నీ ఆరోగ్యం చూసుకోవడం నీ పనే. తెప్పించుకున్నాక పాడైందని తెలిస్తే, డబ్బులు కట్టేటప్పుడు యజమానిని పక్కకి పిలిచి చెప్పు, నలుగురిలో వడ్డించినవాడి మీద కేకలెయ్యకు. ఆ సాంబారు అతను కాయలేదు, అతనికి ఆ రోజు కూలీ పోతుంది అంతే. మీ తాతయ్య పులిసిన సాంబారు వస్తే వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "అమ్మా, ఎండకి తిరిగిపోయినట్టుంది, పిల్లలెవరికైనా పోస్తారేమోనని చెప్పాను" అని వచ్చేవారు. తనకి కాదు, తన తర్వాత వచ్చేవాళ్ళకి. ఆ హోటలు ఆయన మొహం మళ్ళీ చూసేది కాదు, ఆయనా ఆ హోటలుని చూసేవారు కాదు, అయినా చెప్పేవారు. చూడు నాన్నా, మళ్ళీ రాని మనిషికి ఎలా పెడతారో అదే హోటలు గుణం అన్నానా, మళ్ళీ వెళ్ళని చోట ఎలా ప్రవర్తిస్తామో అదే మన గుణం కూడా. కాబట్టి బల్ల మీద ఎంగిలి చిమ్మకు, తుడిచే మనిషిని "ఏయ్" అని పిలవకు, బాగుంటే వంటింట్లోకి వినబడేలా బాగుందని చెప్పు. ఆ మాట విన్న రోజు నేను రాత్రి అలసటే తెలియకుండా గిన్నెలు తోమించేదాన్ని.

సంచిలో ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకో, పొట్లం మీద ఎన్ని నీళ్ళు రాసుంటే అన్నిట్లోనే కలుపు. జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా, నీళ్ళు కూడా నిలవకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళు, మందుల షాపు వాడిచ్చిన మాత్ర మింగి పడుకోకు, నాకు చెబితే కంగారుపడతానని దాచకు.

ఇంకో సంగతి. వచ్చే గోదావరి పుష్కరాలు 2027లో. రేవు దగ్గర అన్నం, మజ్జిగ పెడదామని మీ మామయ్య అంటున్నాడు, గిన్నెలున్నాయి, పందిరి వేసేవాళ్ళున్నారు, వడ్డించే చేతులే తక్కువ. ఇప్పటినుంచే సెలవు అడిగి పెట్టుకో, ఆ పన్నెండు రోజులూ నువ్వు నా పక్కన ఉండాలి.

ఇట్లు
దీవెనలతో
అమ్మమ్మ